చేన్లో చావును చేన్లో చావుగానే రాయిద్దాం

(ఏప్రిల్ 28న పత్తికొండలో జరిగిన సంఘం సభలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ధరల మీద, పంటల బీమా మీద, హంద్రీ-నీవా నీళ్ల మీద మాట్లాడేవాళ్లు నా వెనక ఉన్నారు. నేను ఇంకో సంగతి చెప్పాలని వచ్చినా. ఈ రోజు ఏప్రిల్ 28. పని చేస్తూ ప్రాణం పోగొట్టుకున్నవాళ్లను తలుచుకునే రోజు. చానా దేశాల్లో కార్మిక సంఘాలు జరుపుతాయి. 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఈ రోజును పనిలో భద్రత దినంగా పాటిస్తాంది. ఫ్యాక్టరీ గేటు కాడ, గని కాడ కార్మికులు నిలబడి మౌనం పాటిస్తారు. మన చేను గట్టు మీద ఎవరూ నిలబడరు. చేన్లో పోయినవాడు పనిలో పోయినాడని మనమే అనుకోం గదా. "ఆయప్పకు కాలం మూడింది" అంటాం, "మృత్యువు పాము రూపంలో వచ్చింది" అంటాం, మూడో దినం అయిపోతూనే మళ్లీ గుంటక కడతాం.

ఒకటి అడుగుతా. ఈ ఐదేండ్లలో మీ ఊర్లో కరెంటుకో, పాముకో, పిడుగుకో, పురుగుమందుకో, ట్రాక్టరు కిందో పొలం పనిలో మనిషి పోయినాడా? పోయిన ఊరోళ్లు చేతులెత్తండి. (దాదాపు అందరూ చేతులెత్తినారు.) సరే, దించండి. ఎంతమంది పోయినారో మీ ఊర్లో ఏ పుస్తకంలోనైనా రాసిపెట్టి ఉందా? ఉన్నోళ్లు ఎత్తండి. (ఎవరూ ఎత్తలేదు.)

నేను చెప్పాల్సింది ఇంతే. ఈ రెండో ప్రశ్నకు వచ్చే ఏడు ఇదే రోజున చేతులు లేవాల.

నేను చేసిన తప్పు

ముందు నా తప్పు చెప్పుకోవాల. అది చెప్పకుండా మీకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు.

పదహైదేండ్ల కిందటి మాట. మా ఊర్లో ఒకాయన, పేరు చెప్పను, పత్తి చేన్లో మందు కొట్టను కూలికి పోయినాడు. మధ్యాహ్నం ఎండ. ట్యాంకు కారుతా ఉండె. వీపంతా మందుతో తడిసింది. సాయంత్రానికి చెమటలు, నోట్లో చొంగ, ఊపిరి ఆడలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకపోతాంటే దారిలోనే పోయినాడు.

రాత్రి రచ్చకట్ట కాడ కూర్చున్నాం. చేను ఆసామి మాకు దగ్గరోడు. పోలీసుకు చెప్తే పోస్టుమార్టం అంటారు, శవాన్ని కోస్తారు, ఆసామి స్టేషన్ చుట్టూ తిరగాల, కేసయితే ఏమైతాదో అని పెద్దలు మాట్లాడినారు. ఆ పెద్దల్లో నేనూ ఉన్నా. అప్పటికే సంఘంలో తిరిగేవాణ్ని. "ఎందుకులే, పొద్దున్నే కార్యం కానిచ్చేద్దాం" అన్నోళ్లలో నేనొకణ్ని. మరణ పత్రంలో గుండెపోటు అని రాపిచ్చినాం. ఆసామి ఖర్చులకు కొంత డబ్బు ఇచ్చినాడు. మంచి పని చేసినామనే అనుకున్నాం.

మూడు నెలలకు ఆమె బీమా కోసం పోయింది. ఎఫ్ఐఆర్ ఏదన్నారు, పోస్టుమార్టం కాగితం ఏదన్నారు. రెండూ లేవు. ఇద్దరు పిల్లల్ని అవ్వకాడ వదిలిపెట్టి గుంటూరు మిరప చేన్లకు వలసపోయింది. రెండేండ్ల తర్వాత పండక్కి ఊరికొచ్చినప్పుడు నా ముందర నిలబడి ఒకే మాట అనింది: "అన్నా, మీరు గుండెపోటు అని రాపిచ్చినారు. ఆయప్ప గుండె బాగానే ఉండె గదన్నా."

నా దగ్గర జవాబు లేదు. ఆమెకు అన్యాయం చేసింది ప్రభుత్వం ఒక్కటే కాదు, మేమూ చేసినాం. ఇంకో అన్యాయం కూడా జరిగింది, అది నాకు చానా ఆలస్యంగా తెలిసింది. ఆ సంవత్సరం అదే మందును, అట్లాంటి కారే ట్యాంకులతోనే ఎంతమంది కొట్టినారో, ఎంతమంది పడిపోయినారో ఎవరికీ తెలియకుండా చేసినాం. మొదటి చావును దాచిపెడితే రెండో చావుకు దారి తెరిచిపెట్టినట్టే.

ఆత్మహత్యకు గడి ఉంది, ప్రమాదానికి లేదు

జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రతి ఏడూ ఒక పుస్తకం వేస్తుంది. దేశంలో ప్రమాదాల్లో ఎంతమంది పోయినారు, ఆత్మహత్యలతో ఎంతమంది పోయినారు అని అందులో ఉంటుంది. అంతా పోలీస్ స్టేషన్ల నుంచి పోయే లెక్కే.

ఆత్మహత్యల పట్టికలో వృత్తి గడి ఉంది. 1995 నుంచి రైతుల లెక్క విడిగా వస్తాంది. పాలగుమ్మి సాయినాథ్ లాంటి జర్నలిస్టులు ఏటేటా ఆ అంకెలు తీసి దేశం ముందు పెట్టినారు కాబట్టే రైతు ఆత్మహత్య అనేది ఒక సమస్యని పార్లమెంటు ఒప్పుకుంది. 2014 నుంచి రైతులు వేరే, వ్యవసాయ కూలీలు వేరే లెక్క. 2022లో వ్యవసాయంలో ఉన్న 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో రైతులు 5,207 మంది, కూలీలు 6,083 మంది. కూలీలే ఎక్కువ. వేరేగా లెక్కపెట్టకుంటే ఈ సంగతి మనకు తెలిసేదా?

ఆ లెక్క కూడా నిండు లెక్క కాదు. పట్టా పేరు మీద లేని కౌలు రైతును రైతని రాయడానికి చేయి రాదు. పొద్దుగూకులూ చేన్లో ఉండే ఆడమనిషి చనిపోతే గృహిణి అని రాస్తారు. అయినా ఆ గడి ఒకటి ఉంది కాబట్టి మనం కొట్లాడుతున్నాం. 2004లో వచ్చిన 421 జీవో గానీ, ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ అధికారి కలిసి ఇంటికొచ్చి విచారించే పద్ధతి గానీ, అప్పట్లో లక్షన్నరగా ఉన్న సాయం 2019లో 7 లక్షలు కావడం గానీ, అన్నిటికీ వెనక ఉండేది ఆ లెక్కే.

ఇప్పుడు అదే పుస్తకంలో ప్రమాదాల పట్టిక చూడండి. కరెంటుతో ఎంతమంది, పిడుగుతో ఎంతమంది, పాముతో ఎంతమంది అని ఉంటాది. ఆడ మగ ఉంటాది, వయసు ఉంటాది. ఏం పని చేసేవాడు, ఆ పూట పనిలో ఉన్నాడా అనే గడి ఉండదు. కరెంటు షాకుతో దేశంలో ఏడాదికి 12 వేల మందికి పైగా పోతాన్నారు. వాళ్లలో స్టార్టరు డబ్బా కాడ పోయిన రైతెంతమంది, ఇంట్లో ఇస్త్రీ పెట్టె కాడ పోయినవాళ్లెంతమంది? ఆ పుస్తకం చెప్పదు. 2022లో పిడుగులకు 2,887 మంది పోయినారు. పిడుగు పడే మధ్యాహ్నం బయట ఉండేది ఎవరు? కలుపు తీసే ఆడోళ్లు, గొర్రెలు మేపే పిల్లోళ్లు. అందరికీ తెలుసు, కాగితానికి మాత్రం తెలీదు.

మన రాయలసీమలోనే చూడండి. 2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి కాడ కూలికి పోయే ఆటో మీద కరెంటు తీగ తెగిపడి ఐదుగురు ఆడబిడ్డలు కాలిపోయినారు. ఉడుత ఎక్కినందుకు తీగ తెగిందని అధికారులు చెప్తే రాష్ట్రమంతా ఆ ఉడుత మీదే మాట్లాడుకుంది. నాలుగు నెలలు తిరిగేసరికి నవంబర్ 2న బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో కూలీలున్న ట్రాక్టరు మీద తీగ పడి నలుగురు ఆడకూలీలు పోయినారు. అంతకు రెండేండ్ల ముందు, 2020 మే 14న, ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కోసి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి కొట్టుకొని తొమ్మిది మంది పోయినారు. మూడు చోట్లా పోయింది పొలం పని మనుషులే. చంపింది కరెంటు తీగే. మూడూ పక్కపక్కన పెట్టి చూసినోడు ఒక ప్రశ్న అడుగుతాడు: కూలీలు పోయే దారుల మీద తీగలు ఎంత ఎత్తున ఉన్నాయి, ఎంత పాతవి, ఎవరు చూసినారు? పక్కపక్కన పెట్టకుంటే ఒక చోట ఉడుత, ఇంకో చోట డ్రైవరు, మరో చోట గాలి. తప్పు ఎప్పుడూ ఎవరిదీ కాదు.

గనికి ఒక చట్టం, చేనుకు?

ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో 2018 ఆగస్టు 3 రాత్రి పేలుడు జరిగింది మీకు గుర్తుంది. కనీసం పది మంది పోయినారు, ఎక్కువమంది ఒడిశా నుంచి వచ్చిన బిడ్డలు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె గని కాడ జిలెటిన్ స్టిక్స్ పేలి పది మంది పోయినారు. అక్కడ న్యాయం పూర్తిగా జరిగిందని నేను చెప్పడంలే. కానీ గనిలో మనిషి పోతే 2025 దాకా 1952 గనుల చట్టం ప్రకారం వెంటనే తెలియజెయ్యాల్సి ఉండె, గనుల భద్రత అధికారి వచ్చి చూడాల్సి ఉండె. ఫ్యాక్టరీలో పోతే 1948 ఫ్యాక్టరీల చట్టం ఉండె. ఇప్పుడు తెచ్చిన కొత్త భద్రతా కోడ్ కూడా ప్రధానంగా పది మంది, అంతకు మించి పనిచేసే చోట్లకే. మన రెండెకరాల, మూడెకరాల చేను ఏ చట్టం కిందికి వస్తాది? పొలం పనిలో భద్రత కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో 184వ నంబరు ఒప్పందం చేసింది. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు.

మన దగ్గర అసలు చట్టాలే లేవనుకోవద్దు. ఉన్నవి మనకు తెలీవు, అధికారులకు పట్టవు. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం కరెంటుతో మనిషి గానీ పశువు గానీ పోతే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజెయ్యాల. 1968 పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ చూడండి. మందు వాడకంతో విషం ఎక్కిన ప్రతి కేసూ తెలియజెయ్యాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించొచ్చు. నూర్పిడి యంత్రాల్లో చేతులు తెగుతాన్నాయని గోల జరిగితే 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. తీగ తెగిపడి మనిషి పోతే తప్పు రుజువు కాకున్నా కరెంటు సంస్థదే బాధ్యత అని 2002లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది. సైకిల్ మీద ఇంటికి పోతా రోడ్డు మీద పడిన తీగకు తగిలి పోయినాడు ఆ మనిషి. ఈ నాలుగూ మన చేతిలో ఆయుధాలే. అయితే కోర్టుకు పోవాలన్నా కలెక్టరు కాడికి పోవాలన్నా చేతిలో కాగితం ఉండాల. దాన్ని మొదటి రోజే పోగొట్టుకుంటాన్నాం.

లెక్క పెడితే ఏమొస్తాది?

"పోయినోడు పోయినాడు, లెక్కపెడితే తిరిగొస్తాడా?" అని మా ఊర్లోనే ఒక పెద్దాయన అడిగినాడు. ఆయన రాడు. ఆయన తమ్ముడు మిగులుతాడు. కలరా వస్తే డాక్టర్లు ఏం చేస్తారు? ఏ వీధిలో ఎంతమందికి వచ్చింది, ఏ బావి నీళ్లు తాగినారు అని రాసుకుంటారు, ఆ బావి మూస్తారు. పనిలో చావు కూడా అట్లాంటిదే. అందుకే దాన్ని ప్రజారోగ్య సమస్య అంటారు. ఒక్కొక్కటిగా చూస్తే దురదృష్టం. వంద కలిపి చూస్తే కారణం కనపడుతుంది.

స్వీడన్ దేశంలో ట్రాక్టర్లు తిరగబడి రైతులు చస్తాంటే లెక్కపెట్టినారు. డ్రైవరు సీటు మీద బలమైన ఇనుప చట్రం ఉంటే ట్రాక్టరు తిరగబడినా మనిషి నలగడని తెలిసింది. 1959 నుంచి కొత్త ట్రాక్టరుకు అది తప్పనిసరి చేసినారు. అట్లాంటి చావులు అక్కడ దాదాపు లేకుండా పోయినాయి. మన గట్ల మీద, కాలవ అంచుల మీద తిరిగే ట్రాక్టర్లకు ఆ చట్రం ఎన్నిటికి ఉందో చూసుకోండి.

అమెరికాలో 1992 నుంచి పనిలో పోయిన ప్రతి మనిషినీ లెక్కపెడతారు. ఫ్యాక్టరీ కార్మికుడే కాదు, సొంత చేను దున్నుకునే రైతు కూడా ఆ లెక్కలో ఉంటాడు. ఒక్క ఆఫీసు మాట నమ్మరు. మరణ పత్రం, పోలీసు కాగితం, బీమా కాగితం, పేపరు వార్త, వీటిలో కనీసం రెండింటితో సరిచూస్తారు. అట్లా చూస్తే అక్కడ కూడా వ్యవసాయమే అన్నిటికన్నా ప్రాణాపాయం ఎక్కువున్న పనుల్లో ఒకటని తేలింది.

అంత దూరం ఎందుకు, వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రి చూడండి. 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరిన 8,040 మంది వివరాలు డాక్టర్లు రాసిపెట్టినారు. నూటికి 22 మందికి పైగా చనిపోయినారు. వాళ్లలో చానామంది తాగి వచ్చినవాళ్లే, పనిలో విషం ఎక్కినవాళ్లు తక్కువ. కానీ ఏ మందు అని కూడా రాసినారు కాబట్టి, మందు పేరు తెలిసిన చావుల్లో సగానికి మించి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ రెండింటివల్లేనని బయటపడింది. రిజిస్టరులో మందు పేరు అనే ఒక్క గడి చేసిన పని అది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపేసింది. దాని వెనక కేరళ కాసరగోడు బాధితుల పోరాటం ఉంది. ఆ బాధితులు కూడా ఇంటింటికీ తమ లెక్క తాము చూపించినవాళ్లే.

2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ పీల్చి ఇరవై మంది దాకా రైతులు, కూలీలు పోయినారు. నూర్లమంది ఆస్పత్రి పాలైనారు. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో, ఒకే పంట కాడ అని లెక్క తేలినాకే విచారణ బృందం కదిలింది. మా ఊరాయన పోయిన ఏడు మన తాలూకాలో ఇంకెంతమంది పోయినారో నాకు ఈ రోజుకూ తెలీదు.

పాము సంగతి వినండి. టొరంటోలో, మన దేశంలో పనిచేసే పరిశోధకులు ఇంటింటి సర్వేతో లెక్క తీస్తే 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు 12 లక్షల మంది పోయినట్టు తేలింది. ఏడాదికి 58 వేలు. అంతకుముందు చేసిన లెక్కలో నూటికి 97 మంది పల్లెటూరి వాళ్లు. ఆస్పత్రిలో పోయినవాళ్లు నూటికి 23 మందే. మిగిలినవాళ్లు ఇంట్లో, దారిలో, మంత్రగాడి కాడ. అంటే ఆస్పత్రి లెక్క ఒక్కటే చూసుకున్నోళ్లకు నాలుగింట మూడు చావులు కనపడనే లేదు. ఈ అంకెలు బయటికొచ్చినాకే కదలిక వచ్చింది. 2030కి పాముకాటు చావులు సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ప్రణాళిక తెచ్చింది. ప్రతి కాటునూ ప్రభుత్వానికి తెలియజేసే జబ్బుగా ప్రకటించమని నవంబర్‌లో రాష్ట్రాలకు రాసింది. పాముకు చేసింది కరెంటుకు, మందుకు, పిడుగుకు ఎందుకు చెయ్యకూడదు?

ఒక హెచ్చరిక కూడా చెప్పాల. 2015 ఎండల్లో మన రాష్ట్రంలో వడదెబ్బకు 1,369 మంది పోయినారని ప్రభుత్వమే చెప్పింది. 2017కు అది 236కు దిగింది. చలివేంద్రాలు పెట్టినారు, ఉపాధి హామీ పని పొద్దున్నే మొదలుపెట్టినారు, దానివల్ల కొంత తగ్గే ఉంటాది. అయితే వడదెబ్బ అని రాయించుకోడానికి అధికారుల కమిటీ ముద్ర వెయ్యాల. ముద్ర కష్టమైతే చావు తగ్గకపోయినా అంకె తగ్గుతాది. అందుకే వాళ్ల లెక్కతో పాటు మన లెక్క ఉండాల.

ఊరి రిజిస్టరు

మన లెక్క ఎట్లా పెట్టాలో చెప్తా. పెద్ద చదువు అక్కర్లేదు. నేను పదో తరగతి. ఒక లాంగ్ నోటుబుక్కు, ఒక పెన్ను, ప్రతి ఊర్లో ఇద్దరు మనుషులు. ఒకరు మగ, ఒకరు ఆడ. ఒకరు రైతు, ఒకరు కూలి. ఇట్లాగైతే దాచిపెట్టడం కుదరదు.

గడులు ఇవి: చనిపోయిన తేదీ, టైము. వయసు. ఆడా మగా. సొంత రైతా, కౌలు రైతా, కూలీనా. ఏ పని చేస్తాండగా. ఏమి చంపింది. మందైతే దాని పేరు, డబ్బా మీద ముక్కోణం రంగు. ఎర్రది అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరినారు, మందు దొరికిందా. ఏ కాగితాలు ఉన్నాయి. చివరి గడి ముఖ్యం: ఏం ఉంటే ఈ మనిషి బతికేవాడు?

టైము గడి ఎందుకు అని అడగొచ్చు. ఉచిత కరెంటు రాత్రి ఇచ్చిన కాలంలో మన రైతులు చీకట్లో టార్చిలైటు పట్టుకొని మోటారు కాడికి పోయి పాముకు, షాకుకు బలైనారు. పగలు కరెంటు ఇమ్మని మనం ఏండ్ల తరబడి అడిగినాం. రాత్రి పది గంటలకు, తెల్లవారుజామున మూడు గంటలకు అని వరుసగా ఇరవై చావుల టైములు రాసి చూపించి ఉంటే ఆ మాటకు ఇంకెంత బరువు ఉండునో!

వలసపోయినోళ్లను మర్చిపోవద్దు. మన డివిజన్ నుంచి, ఆలూరు, ఆదోని, కోసిగి వైపు నుంచి వేలమంది గుంటూరు, ప్రకాశం పోతారు. అక్కడ చస్తే అక్కడి లెక్కలో కూలి, ఇక్కడి లెక్కలో ఎవరూ కాదు. వాళ్ల పేరు సొంత ఊరి రిజిస్టరులో రాయాల.

మొదటి రోజు చెయ్యాల్సింది

ముందు మనిషిని బతికించేది. పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కరిచిన కాలు కదలకుండా పెట్టి, నడిపించకుండా ఆస్పత్రికి తీసుకపోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్. పామును చంపి తెచ్చేదానికి టైము పోగొట్టొద్దు. మందు ఎక్కితే బట్టలు తీసేసి సబ్బునీళ్లతో కడిగి, మందు డబ్బా చేతిలో పట్టుకొనే ఆస్పత్రికి పోండి, పేరు చూస్తే డాక్టరుకు వైద్యం తెలుస్తాది. షాకు కొట్టిన మనిషిని కరెంటు ఆపకుండా ముట్టుకోవద్దు. ఫ్యూజు పోతే మీరే ట్రాన్స్‌ఫార్మరు ఎక్కొద్దు. పాత బావిలో దిగినోడు పడిపోతే వెంటనే ఇంకోడు దిగొద్దు, విషగాలి ఇద్దర్నీ తీసుకపోతాది.

ప్రాణం పోతే, ఏడుపులోనే అయినా, మూడు పనులు. ఒకటి, పోలీసుకు రాతపూర్వకంగా చెప్పండి. ప్రమాదంతో, యంత్రంతో, జంతువుతో మనిషి పోతే విచారణ చెయ్యడం వాళ్ల బాధ్యత. అది పాత చట్టంలో 174, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో 194. పంచనామాలో "పొలం పని చేస్తుండగా" అనే మూడు మాటలు రాయించండి. సంతకం పెట్టే పంచులు చదివి పెట్టండి. రెండు, పోస్టుమార్టం వద్దనొద్దు. మూడు, 21 దినాల్లో పంచాయతీలో మరణ నమోదు. ఆ ఫారంలో వృత్తి అనే గడి ఉంది! ఏమీ లేదని, గృహిణి అని రాయనీయొద్దు. రైతైతే రైతు, కూలైతే వ్యవసాయ కూలి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాకు కూడా ప్రమాదమని చూపే కాగితాలే ఆధారం.

ఇప్పుడు ఒక చేదు మాట. మన సంఘంలో ఎక్కువమందిమి చిన్న రైతులం. మన చేన్లోనే కూలి చస్తే మనకు భయం. కేసు అవుతాదేమో, నష్టపరిహారం కట్టమంటారేమో. ఆ భయం నిజమే, తీసిపారేసేది కాదు. కానీ ఆ భయంతో కూలి కుటుంబం నోరు మూయిస్తే, రేపు మన బిడ్డ కరెంటుకు పోయినప్పుడు ఎవరు నోరు తెరుస్తారు? రెండెకరాల రైతు నెత్తిన బరువు వెయ్యకుండా ప్రభుత్వమే పరిహారం ఇచ్చేట్టు అడగడం మన పని. చావును దాచడం మన పని కాదు. తెలంగాణలో 2018 నుంచి పట్టా రైతుకు చావు ఎట్లా వచ్చినా 5 లక్షల బీమా ఉంది. దాంట్లో కౌలు రైతు లేడు, కూలీ లేడు. మనం అడిగేదాంట్లో ఇద్దరూ ఉండాల.

మనం అడిగేది

ఒకటి, ప్రమాద మరణాల పట్టికలో ఆత్మహత్యల పట్టిక మాదిరిగానే వృత్తి గడి, "పనిలో ఉండగా" అనే గడి పెట్టాల. రెండు, పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ కింద ప్రతి ఆస్పత్రీ విషం కేసులు తెలియజేసేట్టు ప్రభుత్వం ఉత్తర్వు ఇయ్యాల. మూడు, కరెంటు చావుల మీద ఇన్‌స్పెక్టరు ఇచ్చే నివేదికలు ఊరి సచివాలయంలో అతికించాల. నాలుగు, ఆత్మహత్యలకు ఉన్నట్టే డివిజన్ స్థాయిలో ఒకే కమిటీ వచ్చి చేను చావులన్నీ విచారించాల. ఐదు, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాము విరుగుడు, మందు విషానికి వాడే అట్రోపిన్ ఉన్నాయో లేదో బోర్డు మీద రాయాల.

ఇవి అడిగేముందు మన రిజిస్టర్లు మొదలు కావాల. ఏరువాకకు ఇంకా నెలన్నర ఉంది. మా ఊర్లో పోయిన వారం మొదలుపెట్టినాం. మొదటి పేజీలో మొదటి వరస ఆయప్పదే, మందు కొట్టి పోయినాయనది. పదహైదేండ్లు ఆలస్యంగా రాసినాం. ఆమెను పిలిచి అడిగే రాసినాం. ఏమి చంపింది అనే గడి కాడ గుండెపోటు అని లేదు. చివరి గడిలో ఏం రాయాల అని ఆమెను అడిగినా. "కారని ట్యాంకు ఉంటే బతికేవాడు. డాక్టరు దగ్గరగా ఉంటే బతికేవాడు. ఆ రాత్రి మీరు నా మాట అడిగుంటే, నాకైనా కాగితం ఉండేది" అనింది. అట్లానే రాసినా.

సభ అయినాక మా పిల్లోడు ఆ టేబుల్ కాడ నోటుబుక్కులు ఇస్తాడు. ఊరికి ఒకటి. పేరు రాసి తీసుకపోండి. వచ్చే ఏప్రిల్ 28కి వాటిని తీసుకొని మళ్లీ ఇక్కడికే రండి. అన్నీ ఒకచోట పెట్టి కలెక్టరు కాడికి పోదాం.